ఏనుగంటే ఎనుమన్నాను

మా తమ్ముడి కూతురు శైలజ కల్లూరులో కొత్త ఇల్లు కట్టుకుని, ఇంటి ముందర ఏనుగును పెంచుతోంది. కంగారు పడకండి, ఆకుల ఏనుగే. ఇనుప చువ్వలతో అల్లిన ఏనుగు బొమ్మ లోపల డురంటా మొక్కలు నాటి, సందుల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన కొమ్మనల్లా కత్తిరిస్తూ పోతే కొన్నాళ్ళకు ఆ మొక్కలే ఏనుగవుతాయి. ఆ వీధిలో ఇప్పుడదొక పిచ్చి. ఎదురింటివాళ్ళకు టెడ్డీ బేర్ ఉంది. పక్కింట్లో రెండు హంసలు ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలబడ్డాయి. మూల మీది ఇంటాయన ఏకంగా డాల్ఫిన్‌ను ఎగరేశాడు. మూడు రోజులకొకసారి కొళాయి వచ్చే వీధిలో, ట్యాంకరు నీళ్ళు పోసి డాల్ఫిన్‌ను సాకుతున్నాడు మహానుభావుడు! గృహప్రవేశానికి మోకాళ్ళ నొప్పులతో పోలేకపోయాను కనుక మొన్న తీరిగ్గా షేర్ ఆటోలో పోయి దిగాను. గేటు తీయగానే ఆ ఏనుగు కనబడింది. నవ్వొచ్చింది. "ఎట్లుండాది అత్తా మా ఏనుగు?" అని శైలజ గొప్పగా అడిగింది. "తొండం ఉండాది గదా, ఏనుగే" అన్నాను. ఇదేం మెచ్చుకోలని ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. పాపం, దానికేం తెలుసు? దానికి ఎనుము సంగతి ఎవరూ చెప్పలేదు.

మా ఇల్లు కర్నూల్లో హంద్రీకి దగ్గర్లో ఉండేది. ఇప్పుడు అక్కడ నాలుగంతస్తుల దుకాణాలు లేచాయి. అప్పుడు మాత్రం వీధి మొత్తానికి పచ్చగా కనబడేది మా ఇల్లొక్కటే. కడప బండలు పరిచిన అరుగు, అరుగు ముందర నాలుగు మంచాలు పట్టేంత జాగా, దాని చుట్టూ మనిషెత్తు గోరింట కంచె. మా జేజినాయన, అంటే నాయన వాళ్ళ నాయన, కాలవల శాఖలో ఓవర్సీరుగా చేసి దిగిపోయిన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కాలవ గట్లమీది బంగళాల్లో మకాం. ఆ బంగళాల తోటల్లో మొక్కల్ని గుండ్రంగా, పలకలుగా కత్తిరించి పెట్టేవారట. అది ఆయన మనసులో పడిపోయింది. పింఛను పుచ్చుకున్న మర్నాటి నుంచీ మా గోరింట కంచె మీద పడ్డాడు. ముందు గేటుకు రెండు పక్కలా రెండు గుండ్లు చేయించాడు. వీధిలోవాళ్ళు వాటిని లడ్లు అన్నారు. తర్వాత ఒక కూజా, ఎవరూ కూర్చోలేని ఒక కుర్చీ, వాన పడితే తోక ఎటుబడితే అటు పెరిగే ఒక నెమలి. తాపీ మేస్త్రీలు గోడకు పట్టే గుండు దారాన్ని ఆయన నెమలి మెడకు పట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. ఇంట్లో స్నానాల నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, చేతులు కడిగిన నీళ్ళు అన్నీ కంచె మొదట్లోకే పోవాలి. చెంబెడు నీళ్ళు మోరీ పాలైతే అమ్మను కాదు, అమ్మ వినేలా చెంబును తిట్టేవాడు.

కత్తిరించే పని గఫూర్ మామది. ఆయన పక్క వీధిలో ఉండేవాడు. ఆఫీసుల్లో మాలీ పని చేసేవాడు. అప్పటికి ముప్పై ఏళ్ళుంటాయేమో. వారానికి రెండు పొద్దులు సైకిలు హ్యాండిలుకు పెద్ద కత్తెర తగిలించుకుని వచ్చేవాడు. పురికొసతో కొమ్మల్ని వంచి కట్టి, బైండింగ్ వైరుతో మెలి తిప్పి, కత్తెరను టకటకలాడించేవాడు. కత్తిరించిన ఆకు రాలిన చోటల్లా వీధిలో ఆడవాళ్ళు చేటలతో, సంచులతో ప్రత్యక్షం. ఆషాఢంలోనైతే నెమలి తోకాకు కావాలని ఒకరు, కూజా ఆకు బాగా పండుతుందని ఇంకొకరు. నూరిన గోరింటాకు పచ్చి వాసన, గోరింట పూసినప్పుడు తలనొప్పి తెప్పించే ఆ తియ్య వాసన, జేజినాయన ఒంటికి రాసే తైలం వాసన, ఈ మూడూ కలిస్తే అదే మా ఇల్లు. నా చేతులు ఏడాది పొడుగునా ఎర్రగానే ఉండేవి. చూసినవాళ్ళు పెళ్ళి కుదిరిందా అని అడిగేవాళ్ళు.

ఒక వేసవిలో జేజినాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు ఒక పక్కకు వంగింది. మాట పూర్తిగా పోలేదు గానీ, మాటకు మొదలు తెగిపోయింది. నీళ్ళు అనబోతే ఈళ్ళు అనేవాడు. కుర్చీ ఉర్చీ అయింది. రేడియో ఏడియో అయింది. అన్నిటికంటే చిక్కు పొద్దుతో వచ్చింది. అరుగు మీదికి ఎండ వస్తోంది, కుర్చీ జరపండి అని చెప్పడానికి ఆయన "పొద్దు, పొద్దు" అంటే బయటికి "ఒద్దు, ఒద్దు" అని వచ్చేది. అమ్మ హడలిపోయి చేతిలోని అన్నం గిన్నె వెనక్కు తీసుకునేది. దానికి తోడు గొంతు సన్నబడింది, చొంగ కారేది, ఒక మాట మీద ఒక మాట పడేది. అమ్మ మామగారికి ఎదురుపడి నిలబడే మనిషి కాదు, అంతా తలుపు చాటు నుంచే. నాయన తాలూకాఫీసు గుమాస్తా. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఓపికంతా అక్కడే ఖర్చయిపోయేది, రెండుసార్లు విని మూడోసారికి "యేమంటాండావు నాయనా, గట్టిగా చెప్పరాదా" అని ఆయనే గట్టిగా అరిచేవాడు. తమ్ముడు చిన్నోడు. పెద్దోడైనా వాణ్ణి కూర్చోబెట్టేవాళ్ళు కాదులెండి, మగపిల్లోడు. ఇక మిగిలింది నేను. ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. కాస్త చెవి పెట్టి వింటే నాకు ఆయన మాట అందింది. అందిందని చెప్పడమే నేను చేసిన తప్పు.

అప్పటి నుంచీ నా పొద్దు ఆయన పొద్దయింది. తెల్లారుతూనే నాయనా నేనూ రెండు రెక్కలు పట్టి ఆయన్ను అరుగు మీది కుర్చీలోకి దించేవాళ్ళం. నాయన ఆఫీసుకు పోయేవాడు. నేను పక్కన కడప బండ మీద కూర్చునేదాన్ని. పొద్దున సగం చల్లగా ఉండే బండ మధ్యాహ్నానికి కాలేది, నీళ్ళు చల్లి మళ్ళీ కూర్చునేదాన్ని. నా పేరు ఆయన ఎప్పుడూ పిలవలేదు, పాపా అనేవాడు. ఇప్పుడది ఆపా అయింది. పెరట్లో ఉన్నా, తల దువ్వుకుంటున్నా, నోట్లో ముద్ద ఉన్నా, "ఆపా!" అని వినబడితే లేవాలి. ఈ ఆపా మాట విని గఫూర్ మామ ఒకటే నవ్వు. ఉర్దూలో ఆపా అంటే అక్క. "పెద్దాయన నిన్ను అక్కను చేసినాడు పాపా" అని, అంతటితో ఊరుకోకుండా ఆయన కూడా నన్ను ఆపా అనడం మొదలుపెట్టాడు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద! పైగా జేజినాయన కత్తిరించింది చాలన్నప్పుడు "ఆపు" అంటాడు. ఆయన నన్ను పిలిస్తే అక్కడ కత్తెర ఆగిపోయేది. "నన్నా, నిన్నా?" అని గఫూర్ మామ కంచె అవతల నుంచి తల పైకెత్తి అడిగేవాడు. ఆ రోజుల్లో నేను నవ్విన నవ్వులన్నీ ఆ కంచె దగ్గర నవ్వినవే.

నవ్వులు తీసేస్తే మిగిలింది ఉక్క. మా ఇంట్లో నన్నెవరూ కట్టెయ్యలేదు, తిట్టలేదు, కొట్టలేదు. అదే కష్టం, ఎవరి మీద తిరగబడాలి? స్నేహితురాలి ఇంటికి పోయొస్తానంటే అమ్మ "పోయిరా బిడ్డా, ఆయన పిలిస్తే నేనేం చెప్పేది?" అనేది. అంతే, పోబుద్ధయ్యేది కాదు. ఇంటిల్లిపాదీ మంత్రాలయం పోయారొకసారి. నేనూ జేజినాయనా మిగిలాం. ఆ రోజు ఆయన నిద్రపోతుంటే గేటు దాకా నడిచి, గేటు గొళ్ళెం తీసి, మళ్ళీ వేసి వచ్చి కూర్చున్నాను. ఎందుకు తీశానో, ఎందుకు వేశానో నాకే తెలియదు. ఆయన మీద ప్రేమ లేదని కాదు. చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని కాలవ గట్ల మీద తిప్పిన మనిషి. కానీ కొన్ని మధ్యాహ్నాలు ఆయన నోటి వంక చూస్తూ, ఈ నోరు మూతపడితే నేను లేచి పోవచ్చు గదా అనుకున్నాను. అనుకుని, నా మీద నాకే అసహ్యం వేసి, వెళ్ళి ఆయనకు విసనకర్రతో విసిరేదాన్ని.

అబద్ధం నేర్పింది కూడా ఆ అరుగే. డాక్టరు నూనె సరుకు ముట్టనివ్వద్దన్నాడు. జేజినాయనకు మిరపకాయ బజ్జీ అంటే ప్రాణం. వీధి చివర బజ్జీలు వేగే వాసన రాగానే "అజ్జీ, అజ్జీ" అనేవాడు. నేను లోపలికి తిరిగి "మజ్జిగ అడుగుతాండాడమ్మా" అనేదాన్ని. అమ్మ తలుపు చాటు నుంచి మజ్జిగ గ్లాసు చాపేది. ఆయన నా వంక ఒక చూపు చూసి తాగేవాడు. అది మంచికి ఆడిన అబద్ధమే, అమ్మకు కూడా తెలుసు. కానీ ఒకరి నోట్లోని మాటను ఇంకో మాటగా మార్చడం ఎంత సులువో నాకు అక్కడ తెలిసింది.

ఏడాది తిరిగేసరికి నాకు కడపలో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. హాస్టలు కూడా ఉంది. కవరు నాయన చదివాడు, రెండోసారి చదివాడు, మడిచి గోడమీది క్యాలెండరు వెనక దోపాడు. చేరడానికి నెల రోజులు గడువు. రాత్రి అన్నాల దగ్గర నేనే కదిపాను. నాయన కంచంలోంచి తల ఎత్తకుండా "నువ్వు కడపకు పోతే మీ జేజినాయన మాట ఎవురికి తెలుస్తాది బిడ్డా?" అన్నాడు. "చెవి పెట్టి ఇంటే మీకూ తెలుస్తాది నాయనా" అన్నాను. "నీకొచ్చినట్ల మాకొస్తాదా? అది దేవుడు నీకిచ్చినాడు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాటకు ఒక్క క్షణం నా ఒళ్ళు పొంగింది. ఇన్నేళ్ళకు కూడా ఆ పొంగు తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది. తలుపు కొక్కెం పడే చప్పుడు వినబడాల్సిన చోట నేను మెచ్చుకోలు విన్నాను. మర్నాటి నుంచి అరుగు మీద కూర్చుంటే నా కింద అన్నీ కడప బండలే. కడప అంతా నా కిందే పరిచి ఉంది, నేను మాత్రం కడపకు పోలేను.

ఆ వారంలోనే గేటుకు ఎడమ పక్కనున్న పెద్ద గోరింట గుబురు వంతు వచ్చింది. దాన్ని జేజినాయన రెండేళ్ళుగా కత్తెర తగలనివ్వకుండా పెంచాడు, ఏదో పెద్దదానికని. ఆ పొద్దు గఫూర్ మామ కత్తెర నూరుకుని వచ్చి నిలబడ్డాడు. జేజినాయన ఎడమ చేతిలోని కర్రను గుబురు వైపు చాపి, "ఏనుగు" అన్నాడు. ఒక్కొక్కసారి ఆయన నోట్లోంచి మాట సాంతం వచ్చేది, ఆ పూట అదృష్టం బాగుందనుకునేవాళ్ళం. ఇదీ సాంతమే వచ్చింది. నేను రాత్రంతా ఏడ్చి ఉన్నాను. మీ గొప్ప ఏనుగు కోసం, మీ గుండు దారం కోసం, మీ ఒద్దూ పొద్దూ కోసం నేనిక్కడ పడుండాలా అని లోపల ఉడికిపోతున్నాను. ఏనుగుకూ ఎనుముకూ ఎంత దూరం? మా సీమలో గేదెను ఎనుము అంటాం. "ఏమంట?" అన్నాడు గఫూర్ మామ. "ఎనుమంట" అన్నాను. ఆయన జేజినాయన వంక చూశాడు. నా వంక చూశాడు. "ఎనుమేనా, ఆపా?" అన్నాడు. "ఎనుమే మామా" అన్నాను. సరేనని తల ఊపి కత్తెర ఎత్తాడు.

నాలుగైదు పొద్దుల పని. ముందు వీపు, పొట్ట, కాళ్ళు. అంతవరకు ఏనుగైనా ఎనుమైనా ఒకటే, జేజినాయన కర్ర ఊపుతూ సంతోషంగా "ఎత్తు", "ఇటు", "ఇంకా" అంటూనే ఉన్నాడు. ఐదో పొద్దున తొండం రావాల్సిన చోట గఫూర్ మామ రెండు పొడుగాటి కొమ్మల్ని వైరుతో వెనక్కు మెలితిప్పి కొమ్ములు కట్టాడు. ఎంత బాగా వచ్చాయని! అదే సమయానికి పాలాయన ఎనుము వీధిలో పోతూ, మా గేటు ముందర ఆగి, మెడ చాపి, ఒక్క అరుపు అరిచింది. వీధంతా ఘొల్లున నవ్వింది. జేజినాయన మొహం ఎర్రబడింది. ఆ రోజు ఆదివారం, నాయన ఇంట్లోనే ఉన్నాడు. గోలకు బయటికొచ్చాడు. "ఏనుగు! ఏనుగు!" అని జేజినాయన కర్రతో నేలను కొట్టాడు. ఆ మాట అర్థం కావడానికి నాయనకు నా అవసరం పడలేదు. ఎనుమును చూశాడు, నన్ను చూశాడు. "పెద్దాయన మాటతో ఆడుకుంటాండావా?" అన్నాడు. కొట్టి ఉంటే బాగుండేది. గఫూర్ మామ గొంతు సవరించుకుని "కొమ్ములు తీసేస్తా సార్" అన్నాడు గానీ, తొండానికి వదలాల్సిన కొమ్మలు అప్పటికే నేలమీద పడున్నాయి. ఎనుము ఎనుముగానే ఉండిపోయింది. లడ్లిల్లు కాస్తా ఎనుమిల్లయింది. జాబులు తెచ్చే పోస్టుమాను కూడా ఎనుమిల్లనే అనేవాడు. ఆషాఢం వస్తే ఎనుము వీపాకు కావాలని ఆడపిల్లలు అడిగి పట్టుకుపోయేవాళ్ళు.

జేజినాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు "ఆపా" అన్నాడు. పోయి దగ్గర కూర్చుంటే ఎడమ చేత్తో నా తల నిమిరి, ఎనుమును చూపించి, వంకర నోటితో నవ్వాడు. నాకు దుఃఖం ఆగలేదు. కడప సంగతంతా ఆయన ఒళ్ళో తల పెట్టి చెప్పేశాను. ఆ ఇంట్లో ఎవరూ ఆయనకు చెప్పలేదట, ఆయన మాట కోసమే నన్ను ఆపారని ఆయనకే తెలియదు!

గడువుకు ఇంకో రోజుంది. సాయంకాలం నాయన ఆఫీసు నుంచి వచ్చి అరుగు మీద చెప్పులు విడుస్తున్నాడు. అమ్మ తలుపు చాటున ఉంది. గఫూర్ మామ కంచె అవతలి వైపు కత్తిరిస్తున్నాడు. జేజినాయన కుర్చీలో నిటారుగా అయి, నన్ను కర్రతో చూపించి, "ఆన్ని అడపకు అంపండి" అన్నాడు. మా వైపు పంపడాన్ని అంపడమే అంటారు. దాన్ని కడపకు అంపండి. నాయన నా వైపు తిరిగి "ఏమంటాండాడు?" అన్నాడు. "నన్ను కడపకు అంపమంటాండాడు" అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినబడింది. నాయన విడిచిన చెప్పులు పక్కకు నెట్టి, "ఇది గూడా ఎనుమేనా?" అన్నాడు.

అమ్మ కిసుక్కున నవ్వింది, భయంతో నవ్వే నవ్వు. జేజినాయన మళ్ళీ "అంపండి, అంపండి" అన్నాడు. నాయన ఆయన్ను అడగలేదు. ఒంగి మొహంలోకి చూసి, అవునా నాయనా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగకుండా కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. నాకు బాగా గుర్తున్నది కత్తెర. జేజినాయన మాట్లాడినప్పుడు కంచె అవతల కత్తెర ఆగింది. నాయన లోపలికి పోయాక కాసేపటికి మళ్ళీ మొదలైంది. గడువు దాటిపోయింది. క్యాలెండరు మారినప్పుడు ఆ కవరు ఎటు పోయిందో కూడా నేను వెతకలేదు.

జేజినాయన ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు. ఆరేళ్ళూ నేను ఆ బండమీదే ఉన్నాను. తర్వాత ప్రైవేటుగా డిగ్రీ కట్టడం, పెళ్ళి, ఒక చిన్న ఉద్యోగం, ఈ రాతలు, అన్నీ జరిగాయి, ఏదీ ఆగలేదు. కానీ ఒకటి మిగిలింది. నేను నిజం చెప్పిన రోజున నన్ను నమ్మకపోవడానికి కారణం నేనే అని, నా ఎనుమే నన్ను పొడిచిందని ఇన్నేళ్ళూ మోస్తూ వచ్చాను. నాయనను ఒక్క మాట అనలేదు. ఆయన పోయేటప్పుడు కూడా అనలేదు. తప్పు నాదైతే ఆయన్నేమని అడగను?

సరే, శైలజ ఇంటికి వద్దాం. నేను పోయిన మర్నాడు ఏనుగుకు క్రాపు కొట్టడానికి షమీమ్ అనే ఆమె వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, కరెంటు కత్తెరతో ఝుయ్యిమని ఏనుగు వీపు మీద పడింది. వెంట ఆటోలోంచి ఒక ముసలాయన్ను దించి నీడన స్టూలు మీద కూర్చోబెట్టింది. "మా అబ్బాజాన్. ఇంట్లో కూసోడు, ఏం చేద్దాం" అంది. నేను కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. ఆయన నన్ను చూశాడు. "ఆపా" అన్నాడు. నోట్లో ఒక్క పన్ను లేదు, మాటంతా గాలి. అయినా ఆ రెండు అక్షరాలు నాకు అందకుండా పోతాయా? గఫూర్ మామే. నేను ఆయన పక్కన కింద కూర్చున్నాను. మోకాళ్ళు ఎట్లా వంగాయో ఏమో.

షమీమ్ కొళాయి దగ్గరికి పోయింది. శైలజ టీ ఇచ్చి లోపలికి పోయింది. మేం అవీ ఇవీ మాట్లాడుకున్నాం. ఎనుము మీదికి మాట వచ్చింది. ఆయన ఏనుగు వంక చూస్తూ "పెద్దాయన ఆ పొద్దు అంపండి అన్న్యాడు" అన్నాడు.

"నీకెట్ల తెలుసు మామా?"

"ఇనపడింది గదా. పెద్దాయన మాట నాకు మొదట్నించీ ఇనపడతానే ఉండె. ఆకు, అంచు, ఎత్తు, ఇటు, అటు, ఆపు. మా పనిలో మాటలన్నీ ఆయన నోట్లో సక్కగా వస్తాండె. మీరు బడిలో అ ఆలు అంటారే, వాట్తో మొదలయ్యే మాట ఒక్కటీ ఇరగలేదు. నీకు తెల్దా?"

నాకు తెలియదు. ఏడేళ్ళు ఆయన నోటి ముందర కూర్చున్నదాన్ని, నాకు తెలియదు! పొద్దులో పకారం రాలింది, నీళ్ళలో నకారం రాలింది. ఏనుగులో రాలడానికేముంది? అంపండిలో ఏముంది? అదృష్టం కాదు, అదొక లెక్క. ఒక్క పూట కూర్చోబెట్టి చెబితే తలుపు చాటున అమ్మకు కూడా వచ్చేసే లెక్క. నాకొక్కదానికే దేవుడిచ్చాడనుకుని మురిసిపోయి, ఆ లెక్క కట్టలేదు నేను. ఆ తర్వాత రెండో సంగతి తట్టింది. ఏనుగు అంటే ఏనుగని నాయనకు నేను చెప్పకుండానే అర్థమైంది. అంపండి అంటే అర్థం కాలేదా? విన్నాడు. విని, నా వైపు తిరిగి, ఏమంటాండాడని నన్నడిగాడు.

"మరి ఏనుగని నీకు ఇనపడితే ఎనుము ఎందుకు చేసినావు మామా?"

"నువ్వు ఎనుమన్న్యావు గదా. ఆ పొద్దు నీ కండ్లు ఉబ్బిపోయి ఉండె. ఆ ఇంట్లో నీ మాట ఒక్కటీ సాగదని నాకు తెలుసు. ఒక్క ఎనుమన్నా నీ మాట ప్రకారం కానీలే అనుకున్న్యా."

నాకు కోపం వచ్చింది. ఏడుపుతో కలిసి వచ్చింది. "అంపండి అన్నపుడు నువ్వెందుకు చెప్పలేదు? ఒక్క మాట చెప్పుంటే నేను పోతాంటి గదా మామా!"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "చెప్పాల్సిందే ఆపా. ఎనుము చేసిండేది నేనే గదా. ఇద్దురూ కూడబలుక్కున్న్యారంటాడు మీ నాయన. పనిలోంచి తీసేస్తాడనుకున్న్యా. భయపడినా. కత్తెర ఆపినా గానీ నోరు తెరవలేకపోయినా" అన్నాడు.

ఈ చివరి మాటల మధ్యలో శైలజ టీ గ్లాసులకని వచ్చి, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. "ఏమంటాండాడత్తా? నాకు ఒక్క ముక్క అర్థం కాలే. నీకెట్ల తెలుస్తాండాది?" అంది. తలుపు తీసి ఉంది. హాల్లో నాయన ఫోటో, దానికి రంగు బల్బుల దండ, పొద్దున శైలజ పెట్టిన రెండు మల్లెలు. ఆ పిల్లకు వాళ్ళ తాతంటే పంచప్రాణాలు. వేలు పట్టుకుని బడికి తీసుకుపోయిన తాత, బీయస్సీకి హైదరాబాదు పోతానంటే సూట్‌కేసు మోసుకుంటూ రైలు దాకా పోయిన తాత. అవును, దాన్ని అంపాడు.

"తొండం ఇంగొంచెం కిందికి దిగాలంటాండాడు" అన్నాను.

శైలజ "అవునా, షమీమక్కకు చెప్తా" అని కొళాయి వైపు పోయింది. గఫూర్ మామ బోసి నోటితో నా వైపు వంగాడు.

"ఎనుమేనా, ఆపా?"

"ఎనుమే మామా" అన్నాను.